మాటలు: జిమ్ థాంప్సన్

ఇంట్లో టీవీలో సినిమా చూస్తుంటే ఈ మధ్య ఒక సంగతి నన్ను పట్టి పీడిస్తోంది. చివరి దృశ్యం ఇంకా మనసులో కుదుటపడకముందే తెర ఓ మూలకు ముడుచుకుపోతుంది. కంటికానని అక్షరాల్లో పేర్లు అక్కడ పైకి పాకుతుంటాయి. మిగతా తెరంతా తరవాత చూడమంటున్న సినిమా బొమ్మ ఆక్రమించుకుంటుంది. పాత సినిమాలకు ఈ బెడద ఉండదు, వాటిలో పేర్లు మొదట్లోనే వేసేవారు కదా అనుకుంటే, వాటికి మరో మీట పెట్టారు. అది నొక్కితే నేరుగా కథలో పడతాం. నొక్కకుండా ఉండేవాళ్ళు ఎంతమంది? ఆ పేర్లు చదివి నువ్వు బాగుపడేదేముందని ఎవరైనా అడిగితే నా దగ్గర వెంటనే చెప్పగల జవాబు లేదు. అయినా దాటెయ్యబుద్ధి కాదు. ఆ ఒక్క పేరు తెరమీద పడటానికి ఎవరో ఎంత పెనుగులాడి ఉంటారో అన్న ఊహ వేలిని ఆపేస్తుంది.

ఆ ఊహకు నా మనసులో ఒక మనిషి రూపం ఉంది. స్టాన్లీ కుబ్రిక్ 1956లో తీసిన ‘ది కిల్లింగ్’ గుర్రప్పందేల మైదానంలో జరిగే ఒక దోపిడీ కథ. లయొనెల్ వైట్ రాసిన ‘క్లీన్ బ్రేక్’ అనే నవల దానికి ఆధారం. మొదట్లో పడే పేర్లలో స్క్రీన్‌ప్లే కుబ్రిక్‌ది, డైలాగులు జిమ్ థాంప్సన్‌వి అని ఉంటుంది. అంతే. తెలుగు సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఇందులో తక్కువచేసినట్టు ఏమీ కనిపించదు. మనకు మాటల రచయిత అంటే గొప్పవాడు. ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘మాయాబజార్’కు మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావువి. ఆ సినిమాను తలుచుకున్న ప్రతిసారీ మనం ఆయన పేరూ తలుచుకుంటాం. ముళ్ళపూడి వెంకటరమణ పేరు పడితే హాల్లో ఒక కదలిక వచ్చేది. హాలీవుడ్‌లో లెక్క వేరు. అక్కడ స్క్రీన్‌ప్లే అన్నదే రచన. అది ఎవరి పేరున పడితే వారే రచయిత. రాసే పనిలో తనతో కూర్చున్న మనిషికి కేవలం డైలాగులు కేటాయించి, స్క్రీన్‌ప్లే తన పేరున వేసుకున్నాడు కుబ్రిక్. అప్పటికి కుబ్రిక్‌కు ముప్ఫై నిండలేదు. థాంప్సన్ యాభైకి దగ్గరపడ్డాడు, డజనుకు పైగా నవలలు అచ్చయ్యాయి. ఆ గాయం ఆయనకు చివరిదాకా మానలేదు.

కుబ్రిక్ పూర్తిగా అన్యాయం చేశాడా? ఈ ప్రశ్న నన్ను వదలదు. కాలాన్ని ముక్కలు చేసి ముందుకీ వెనక్కీ తిప్పే ఆ సినిమా నిర్మాణం వైట్ నవలలోనే ఉంది. దాన్ని తెరకు ఎక్కించిన కన్ను కుబ్రిక్‌దే. కానీ అందులో భార్యాభర్తలు ఇద్దరున్నారు, జార్జ్ పీటీ, షెరీ. పందేల కిటికీ దగ్గర పనిచేసే చేతగాని భర్త, అతన్ని మాటలతో ఒలుచుకుతినే భార్య. ఎలైషా కుక్, మేరీ విండ్సర్ ఆ పాత్రలు వేశారు. వాళ్ళిద్దరూ ఒక గదిలో మాట్లాడుకునే దృశ్యాలు చూస్తుంటే దోపిడీ సంగతి మరిచిపోతాం. ఆమె మాటల్లో ఒక్క తిట్టు ఉండదు, ఒక్క దయగల పలుకూ ఉండదు. థాంప్సన్ నవలలు చదివినవాళ్ళకి ఆ గది తెలుసు, ఆ గొంతు తెలుసు. ఆ దంపతుల మాటలే చివరికి ఆ దోపిడీని ముంచుతాయి. డైలాగుల్ని కథలోంచి విడదీసి వేరే ఖాతాలో వెయ్యడం ఎలా కుదురుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ మనిషి 1906లో ఓక్లహోమాలోని అనడార్కోలో పుట్టాడు. అప్పటికి ఓక్లహోమా ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. తండ్రి ఆ జిల్లాకు షెరీఫ్. వాళ్ళ కాపురం జైలు మీది గదుల్లో. కొన్నాళ్ళకే తండ్రి సొమ్ము కాజేశాడన్న ఆరోపణ మీద పడి, ఊరు విడిచి మెక్సికో పారిపోయాడు. తరవాత టెక్సాస్ చమురులో సంపాదించాడు, ఆ చమురులోనే పోగొట్టుకున్నాడు. చట్టాన్ని కాపాడే చెయ్యీ, చట్టం నుంచి పారిపోయే కాలూ ఒకే మనిషివి కావడం ఆ పిల్లవాడు ఇంట్లోనే చూశాడు. ఆ ఇంట్లో పుట్టినవాడు పెద్దయ్యాక హంతకులైన షెరీఫ్‌ల గురించి రాయడంలో ఆశ్చర్యం ఏముంది అనిపిస్తుంది. అలా అనుకోవడం మరీ సులువు కాదా అని కూడా అనిపిస్తుంది. జీవితంలోంచి నవలలోకి తిన్నగా గీత గీసేస్తే చదివేవాడికి హాయి. రాసేవాడు ఆ రెండింటి మధ్య రాత్రులు రాత్రులు చేసిన పని మాత్రం ఆ గీత కింద కనబడకుండా పోతుంది.

మద్యనిషేధం రోజుల్లో ఫోర్ట్ వర్త్‌లోని హోటల్ టెక్సాస్‌లో బెల్‌బాయ్‌గా చేరాడు. జీతం నామమాత్రం. అసలు రాబడి గదుల్లో దిగినవాళ్ళకి దొంగసారా అందించడంలో. రాత్రి కొలువు, పగలు బడి. తాగుడు అప్పుడే అంటుకుంది, ఇరవై ఏళ్ళు నిండకముందే ఒళ్ళు కుప్పకూలింది. ఆ తరవాత పశ్చిమ టెక్సాస్ చమురు బావుల దగ్గర కూలిపని. అక్కడ ఒక డిప్యూటీ షెరీఫ్ తనను ఒంటరిగా చేసి, ఇక్కడ నిన్ను చంపినా అడిగే దిక్కులేదని చిరునవ్వుతో బెదిరించాడని 1953 నాటి ‘బ్యాడ్ బాయ్’ అనే ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ నవ్వులోంచే తన ప్రసిద్ధ పాత్ర పుట్టిందని చెబుతారు. తన గురించి తాను చెప్పుకున్న కథల్లో ఎంత కల్పన కలిపాడో తేల్చడానికి తరవాత జీవిత చరిత్రకారులు చాలా కష్టపడాల్సి వచ్చింది. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు లేని రచయితలకు ప్రభుత్వం పని చూపించిన పథకంలో చేరి, ఓక్లహోమా శాఖకు కొంతకాలం డైరెక్టరుగా ఉన్నాడు. కమ్యూనిస్టు పార్టీలో కొన్నేళ్ళు సభ్యుడు. పాటగాడు వుడీ గత్రీ స్నేహితుడు. మొదటి నవల 1942లో వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

1952లో లయన్ బుక్స్ అనే చౌక ప్రచురణ సంస్థ తలుపు తట్టాడు. పాతిక సెంట్లకు అమ్మే మెత్తటి అట్టల పుస్తకాలు, ముఖచిత్రాల మీద తుపాకులూ, జారిన పైటల లాంటి బట్టలూ. గట్టి అట్టతో ముందు వచ్చి, ఆనక చౌక ప్రతిగా మారే పుస్తకాలు కావు అవి. పుట్టడమే చౌకగా పుట్టినవి. పత్రికల్లో సమీక్షలు రావు, గ్రంథాలయాలు కొనవు, అమ్ముడుపోయినన్నాళ్ళు మందుల షాపు అరలో ఉండి మాయమవుతాయి. కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు డిటెక్టివ్ నవలల్ని అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివి తిరిగిచ్చేసిన తరానికి ఆ పుస్తకాల బతుకు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. లయన్ సంపాదకుడు ఆర్నాల్డ్ హానో, ఆయన సహచరుడు కొన్ని కథాసంగ్రహాలు ముందు పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. న్యూయార్క్ పోలీసు ఒకడు ఒక వేశ్యతో చిక్కుల్లో పడే కథ ఎంచుకున్నాడు థాంప్సన్. రెండు వారాల్లో సగం రాసి తెచ్చాడు. తెచ్చినదానిలో న్యూయార్క్ లేదు, ఆ పోలీసూ లేడు. దాని పేరు ‘ది కిల్లర్ ఇన్‌సైడ్ మీ’. అప్పటినుంచి 1954 దాకా పన్నెండు పుస్తకాలు, చాలామటుకు లయన్‌కే. అంత వేగంగా రాసినవాటిలో పేలవమైనవి లేవని నేను అనను. కానీ ఆ వేగంలో తప్ప అలాంటి పుస్తకాలు పుట్టవేమో అన్న అనుమానం మాత్రం నాకుంది. తీరిగ్గా దిద్దుకునే మనిషి అంత లోతుకు దిగడానికి భయపడతాడు.

‘ది కిల్లర్ ఇన్‌సైడ్ మీ’ కథ చెప్పేది లూ ఫోర్డ్. టెక్సాస్‌లో సెంట్రల్ సిటీ అనే చిన్న ఊరికి డిప్యూటీ షెరీఫ్. మంచివాడు, నెమ్మదస్తుడు, కాస్త మందబుద్ధి అని ఊరంతా అనుకుంటుంది. నిజానికి వైద్యుడైన తండ్రి గ్రంథాలయంలో జర్మన్, ఫ్రెంచ్ పుస్తకాలు చదివే మేధావి, నిలువెల్లా హంతకుడు. అతని మొదటి ఆయుధం చెయ్యి కాదు, నోరు. ఎదుటివాడిని నిలబెట్టి, అందరికీ తెలిసిన, ఎవరూ కాదనలేని నీతివాక్యాలు ఒకదాని మీద ఒకటి దొర్లిస్తూ పోతాడు. పెళ్ళిపందిట్లో మన చెయ్యి పట్టుకుని వదలకుండా లోకరీతి చెప్పే పెద్దమనిషి ముందు నిలబడినట్టు, వినేవాడు మర్యాద కొద్దీ కదలలేడు, ఊపిరాడక నలిగిపోతాడు. లూ ఫోర్డ్‌కు ఆ సంగతి తెలుసు. మనుషుల్ని కొట్టాలనిపించినప్పుడు కొట్టకుండా ఉండటానికి ఇలా మాట్లాడతానని మనకు చెబుతాడు. హాలీవుడ్ ఏ మాటలనైతే చిల్లర పని కింద లెక్కగట్టిందో, ఆ మాటల్లోనే ఈ రచయిత హత్యను చూశాడు. చాండ్లర్, హామెట్ నవలల్లో మనకు తోడుగా ఒక డిటెక్టివ్ ఉంటాడు. చీకటి వీధిలో నడిపించినా చెయ్యి వదలడు. థాంప్సన్ మనల్ని హంతకుడి పక్కన కూడా కూర్చోబెట్టడు, అతని గొంతులోనే కూర్చోబెడతాడు. అతను అబద్ధం చెబుతున్నాడని తెలిశాక కూడా వినడానికి మరో గొంతు ఉండదు.

ఆ నవలలో ఇద్దరు స్త్రీలు అతని చేతుల్లో తినే దెబ్బలు చదవడం దుర్భరం. 2010లో మైకేల్ వింటర్‌బాటమ్ దాన్ని సినిమాగా తీసి సన్‌డాన్స్ ఉత్సవంలో చూపినప్పుడు ప్రేక్షకుల్లోంచి నిరసన లేచింది. న్యాయమైన నిరసనే. ఇలాంటి పుస్తకాన్ని ఎందుకు ఇష్టపడుతున్నావని నన్ను నేను అడిగాను, ఇప్పటికీ అడుగుతుంటాను. ఇష్టం అన్న మాట దీనికి సరిపోదు. స్త్రీని కొట్టే మగవాడు తనలో తాను ఏం చెప్పుకుంటాడో, ఎంత తేలిగ్గా తనను సమర్థించుకుంటాడో, ఆమే తనను ప్రేమిస్తోందని ఎలా నమ్మిస్తాడో ఇంత దగ్గరగా చూపిన రచన నేను మరొకటి చదవలేదు. చూపిస్తున్నాడా, చూసి ఆనందిస్తున్నాడా అన్న గీత కొన్ని పేజీల్లో చెరిగిపోయిన మాట నిజమే. ఆ పేజీల విషయంలో నేను థాంప్సన్ తరఫున వాదించను. ఇక ఈ నవలను అందరికంటే గట్టిగా మెచ్చుకున్నవాళ్ళలో కుబ్రిక్ ఒకడు. ఆయన్ని తన రచయితగా పిలిచింది అందుకే. మనిషి ప్రతిభను గుర్తించడం, ఆ ప్రతిభకు పేరు ఇవ్వడం వేరువేరు గుణాలని తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అంత జరిగాక కూడా థాంప్సన్ మళ్ళీ కుబ్రిక్ దగ్గరే పనిచేశాడు. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు, ఆస్పత్రి ఖర్చులు, తాగుడు. 1957 నాటి ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’కి స్క్రీన్‌ప్లే రచయితల్లో ఒకడిగా పేరు పడింది. కుబ్రిక్, కాల్డర్ విల్లింగ్‌హామ్ కూడా రచయితలుగా ఉన్న ఆ సినిమాకూ ఎవరి వాటా ఎంతన్న పేచీ తప్పలేదు. తరవాత టెలివిజన్‌కు రాశాడు. 1967లో ‘ఐరన్‌సైడ్’ అనే టీవీ సీరియల్‌ను నవలగా కూడా రాసిపెట్టాడు. ఇంకొకరు పుట్టించిన పాత్రలకు తన చేత్తో అన్నం పెట్టి, తన పాత్రలు అచ్చులో లేకుండా పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. కుబ్రిక్ కోసం రాసిన ‘లునాటిక్ ఎట్ లార్జ్’ అనే కథ ఎక్కడో పోయి, కుబ్రిక్ 1999లో చనిపోయాక ఆయన కాగితాల్లో దొరికింది.

‘ది గెట్‌అవే’ నవల సంగతి ఇంకా బాధాకరం. బ్యాంకు దోచి పారిపోయే డాక్ మెకాయ్, అతని భార్య కరోల్ కథ అది. 1972లో శామ్ పెకిన్‌పా దర్శకత్వంలో అది సినిమాగా వస్తే స్టీవ్ మెక్వీన్ నటించాడు. మొదట స్క్రిప్టు రాయమన్నది థాంప్సన్‌నే. మెక్వీన్‌కు అది నచ్చలేదు. వాల్టర్ హిల్‌ను పెట్టుకున్నారు. రచయితల సంఘం ముందు థాంప్సన్ పంచాయితీ పెట్టాడు, ఓడిపోయాడు. సినిమా బాగా ఆడింది. అందులో దొంగ దంపతులు సరిహద్దు దాటి సుఖంగా వెళ్ళిపోతారు. నవలలో అక్కడినుంచే అసలు కథ మొదలవుతుంది. వాళ్ళు చేరేది ఎల్ రే అనే దొర ఏలే రాజ్యం. పారిపోయిన నేరస్థులకు అక్కడ రక్షణ ఉంది, అన్నీ మొదటి తరగతివే, చౌకరకం అన్నది దొరకదు. దాచుకున్న డబ్బు మంచులా కరిగిపోతుంది. ఇద్దరి డబ్బు ఒకరికైతే ఎక్కువ రోజులు వస్తుంది కనక దంపతులు ఒకరి చావు కోసం ఒకరు ఎదురుచూస్తారు. ఖాతా ఖాళీ అయినవాళ్ళని ఊరిబయట ఒక పల్లెకు పంపుతారు. అక్కడ తిండి ఏమిటన్నది థాంప్సన్ తేటగా చెప్పడు, గాలిలో వచ్చే కాల్పు వాసన ఒకటి చెబుతాడు. మార్క్స్‌ను చదివిన మనిషి పాతిక సెంట్ల పుస్తకం చివర నిర్మించిన నరకం ఇది. ఒక పెద్ద హీరో సినిమాకు అది పనికిరాదని వాళ్ళు అనుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ అధ్యాయం లేని ‘ది గెట్‌అవే’ మీద ఆయన పేరు ఉండి మాత్రం ఏం లాభం?

1975లో చాండ్లర్ నవల ‘ఫేర్‌వెల్, మై లవ్లీ’ సినిమాలో ముసలి జడ్జి గ్రేల్‌గా చిన్న వేషం వేశాడు. నాకు తెలిసి ఆయన కదిలే బొమ్మ మనకు మిగిలింది అందులోనే. పొడుగాటి మనిషి, అలసిన కళ్ళు. 1977 ఏప్రిల్ 7న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. ముప్ఫై దాకా పుస్తకాలు రాసినవాడివి ఆ రోజు అమెరికాలో ఒక్కటీ అచ్చులో లేవు. తన రాతప్రతులు, హక్కులు జాగ్రత్తగా కాపాడమని, తాను పోయిన పదేళ్ళకు పేరొస్తుందని భార్య ఆల్బెర్టాకు చెప్పి పోయాడంటారు. నమ్మకంతో అన్నాడో, ఆమెకు ధైర్యం చెప్పడానికి అన్నాడో. నలభై ఏళ్ళకు పైగా ఆ కాపురం చేసిన ఆమె మాత్రం ఆ కాగితాలను పారెయ్యలేదు. రచయితల గురించి రాసేవాళ్ళు ఆమె గురించి ఇంకో నాలుగు పేజీలు ఎక్కువ రాయాల్సింది.

స్వదేశం మరిచిపోయిన ఆ రోజుల్లో ఫ్రాన్స్ మరవలేదు. మార్సెల్ దుహామెల్ నడిపిన ‘సెరీ న్వార్’ నేర నవలల వరసలో వెయ్యో పుస్తకంగా 1966లో థాంప్సన్ నవల ‘పాప్. 1280’ అనువాదం వేశారు. ఆ గౌరవానికి ఎంచుకున్నది ఇంట్లో ఎవరికీ పట్టని ఒక అమెరికన్‌ను. కథ జరిగే ఊరి జనాభా 1280 అయితే ఫ్రెంచి పేరులో 1275 మందే మిగిలారు. తగ్గిన ఐదుగురూ ఏమయ్యారన్న చర్చ అక్కడి పాఠకుల్లో ఏళ్ళ తరబడి సాగింది. 2000లో జాఁ-బెర్నార్ పూయీ అనే రచయిత వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళే ఒక నవలే రాశాడు. కల్పిత గ్రామంలో ఐదుగురు లెక్క తప్పితే కంగారుపడే పాఠకులు దొరకడం కంటే ఒక రచయితకు ఏం కావాలి? బెర్ట్రాండ్ తవెర్నియే 1981లో ఆ కథను ఫ్రెంచి వలస పాలనలోని పశ్చిమ ఆఫ్రికాకు తరలించి ‘కూ ద తోర్షోఁ’ తీశాడు. ఊరు మారినా, ఖండం మారినా, నల్లవాళ్ళను మనుషుల లెక్కలో వేసుకోని అధికారి కథ చెక్కుచెదరలేదు.

అమెరికాలో 1980లలో బారీ గిఫోర్డ్ సంపాదకత్వంలో బ్లాక్ లిజర్డ్ సంస్థ ఆయన నవలల్ని తిరిగి అచ్చువేసింది. 1990లో స్టీఫెన్ ఫ్రియర్స్ ఆయన నవల ‘ది గ్రిఫ్టర్స్’ను సినిమాగా తీస్తే, స్క్రీన్‌ప్లే రాసిన డోనాల్డ్ వెస్ట్‌లేక్‌తో కలిపి ఆ సినిమాకు నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. రాబర్ట్ పొలీటో రాసిన జీవిత చరిత్రకు పుస్తక విమర్శకుల సంఘం పురస్కారం వచ్చింది. ఆల్బెర్టాకు చెప్పిన పదేళ్ళ లెక్క కాస్త అటూఇటూగా నిజమైంది. ఆలస్యంగా వచ్చిన పేరు వల్ల ఆ మనిషికి ఒరిగిందేమిటని అడగొచ్చు. ఆయనకు ఏమీ ఒరగలేదు. లాభం మనకే. నాకు ‘ది కిల్లింగ్’ మొదట్లో పడే ఆ పేర్ల కార్డు మీద కోపం వచ్చేది కూడా అందుకే. పేరు సరిగా వెయ్యని చోట రచయితకు అన్యాయం జరగడం ఒకటైతే, ఆ రచయిత దాకా వెళ్ళే దారి పాఠకుడికి మూసుకుపోవడం ఇంకొకటి.

ఇంతవరకు థాంప్సన్‌ను చదవనివాళ్ళు ‘ది కిల్లర్ ఇన్‌సైడ్ మీ’తో మొదలుపెట్టకండి, మొదటి పరిచయానికి అది మరీ కర్కశం. ‘పాప్. 1280’ తీసుకోండి. షెరీఫ్ నిక్ కోరీ నోట్లోంచి అమాయకంగా దొర్లే ఆ మాటలు వినండి. అది నచ్చితే ‘ది గెట్‌అవే’కు వెళ్ళండి, సినిమా చూశాం కదా అని దాని చివరి అధ్యాయం మాత్రం వదిలెయ్యకండి.